దట్టంగా ఉంటే చాలదు: టోపాలజీలో గణ్యత

అనంతమైన అంతరాళాన్ని లెక్కించదగినన్ని బిందువులతో ఎంతవరకు తెలుసుకోగలం? అలాంటి బిందువులు అంతటా దట్టంగా పరుచుకుని ఉన్నంత మాత్రాన అంతరాళం మన చేతికి చిక్కదని నా వాదం. అందుకు లెక్కించదగిన ఆధారం కావాలి, అంటే ప్రతి వివృత సమితినీ కొన్నింటి సమ్మేళనంగా కట్టివ్వగల వివృత సమితుల లెక్కించదగిన కూటమి. మొదటిది ఉంటే రెండోది తప్పక ఉంటుందనిపించడానికి కారణం మనం దూరానికి అలవాటు పడటమే.

వాస్తవ సంఖ్యలను 1, 2, 3 అంటూ వరుసలో పెట్టడం అసాధ్యమని 1874లో కాంటర్ నిరూపించాడు. అకరణీయ సంఖ్యలను మాత్రం అలా పెట్టవచ్చు. పైగా ఏ రెండు వాస్తవ సంఖ్యల నడుమనైనా ఒక అకరణీయ సంఖ్య దొరుకుతుంది. దూరాన్నే మూలంగా తీసుకుని 1906లో మెట్రిక్ అంతరాళాలను నిర్వచించిన ఫ్రెషే, ఇలా లెక్కించదగిన సాంద్ర సమితి, అంటే అంతటా దట్టంగా పరుచుకున్న సమితి, ఉన్నవాటిని సెపరబుల్ అన్నాడు. 1914లో హౌస్‌డార్ఫ్ దూరాన్ని పక్కనపెట్టి, బిందువుల పరిసరాల మీదనే టోపాలజీని నిలబెట్టి, రెండు గణ్యతా నియమాలను వేరుచేసి చెప్పాడు. మొదటి నియమం ప్రకారం ఒక్కో బిందువు దగ్గర లెక్కించదగినన్ని పరిసరాలతో పని జరగాలి. రెండో నియమం ప్రకారం మొత్తం అంతరాళానికే లెక్కించదగిన ఆధారం ఉండాలి.

రెండో నియమం ఉంటే సెపరబుల్ గుణం తనంత తానే వస్తుంది: ఆధారంలోని ఒక్కో శూన్యేతర సమితి నుంచి ఒక్కో బిందువును ఏరితే చాలు. తిరుగు దారికే దూరం కావాలి. మెట్రిక్ అంతరాళంలో సాంద్ర సమితి బిందువులను కేంద్రాలుగా, ధన అకరణీయ సంఖ్యలను వ్యాసార్ధాలుగా తీసుకున్న గోళాలే ఆధారమవుతాయి. సాంద్ర బిందువు మనకు కేంద్రాన్ని మాత్రమే ఇస్తుంది. చుట్టూ ఎంతమేర అన్నది దూరమే ఇస్తుంది. దూరం లేనిచోట ఈ నిరూపణ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

ఆగిపోయింది నిరూపణేనా, సత్యం కూడానా అని అడగవచ్చు. 1947లో సోర్గెన్‌ఫ్రే పరిశీలించిన రేఖ దీనికి జవాబు. వాస్తవ సంఖ్యల మీద, ఎడమ కొస చేరి కుడి కొస చేరని అంతరాలను ఆధారంగా తీసుకుందాం. అకరణీయ సంఖ్యలు ఇక్కడా సాంద్రమే, మొదటి గణ్యతా నియమమూ నిలుస్తుంది. కానీ a ఏ వాస్తవ సంఖ్య అయినా, a నుంచి a+1 దాకా ఉన్న అంతరంలో ఇమిడి, a ని కలిగిన సమితి ఏ ఆధారంలోనైనా ఉండక తప్పదు. దాని కనిష్ఠ మూలకం a యే. కనుక వేర్వేరు సంఖ్యలకు వేర్వేరు సమితులు కావాలి. ఆధారం లెక్కకు అందదు. ఈ రేఖను దానితోనే గుణించి తలం చేస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. తలం సెపరబుల్. అయినా x+y=0 అనే రేఖ మీది ప్రతి బిందువునూ ఒక వివృత సమితి ఆ రేఖలోని తక్కిన బిందువుల నుంచి విడదీస్తుంది. ఆ బిందువులు లెక్కకు అందవు కనుక సెపరబుల్ తలం లోపల సెపరబుల్ కాని ఉపాంతరాళం ఉంది. రెండో గణ్యతా నియమం ఉన్నచోట ఇలా జరగదు. ఆ గుణం ప్రతి ఉపాంతరాళానికీ సంక్రమిస్తుంది.

ఇవి కావాలని కల్పించిన వింతలని ఒక ఆక్షేపణ ఉంది. అయితే విశ్లేషణలో నిత్యం ఎదురయ్యే అంతరాళాన్నే చూద్దాం: వాస్తవ సంఖ్యల మీది వాస్తవ ప్రమేయాలన్నీ, బిందువారీ అభిసరణ టోపాలజీతో. అకరణీయ గుణకాలు గల బహుపదులు లెక్కించదగినవి, ఈ అంతరాళంలో సాంద్రమైనవి. అయినా అకరణీయ సంఖ్యల వద్ద 1, మిగతాచోట్ల 0 విలువ తీసుకునే డిరిక్లే ప్రమేయాన్ని ఆ బహుపదుల ఏ అనుక్రమమూ అవధిగా చేరలేదు. అవిచ్ఛిన్న ప్రమేయాల బిందువారీ అవధికి అవిచ్ఛిన్న బిందువులు తప్పక ఉంటాయని బేర్ చూపాడు, డిరిక్లే ప్రమేయానికి ఒక్కటీ లేదు. ప్రమేయం ఏ పరిసరంలో చూసినా బహుపదులు ఉన్నాయి, వాటి వరుస మాత్రం దాని దాకా వెళ్లదు. ఇక్కడ మొదటి గణ్యతా నియమం కూడా లేకపోవడమే కారణం.

మెట్రిక్ అంతరాళాలకే పరిమితమైతే ఈ చిక్కే ఉండదు కదా అన్నది రెండో ఆక్షేపణ. కానీ ఒక అంతరాళపు టోపాలజీని ఇచ్చే దూరం ఉందో లేదో తెలిసేదెలా? 1924లో 26 ఏళ్లకే ఫ్రాన్స్ సముద్రతీరంలో మునిగి మరణించిన ఉరిసోన్ దీనికి దారి చూపాడు: రెండో గణ్యతా నియమం గల నార్మల్ (ఉమ్మడి బిందువు లేని ఏ రెండు సంవృత సమితులనైనా వివృత సమితులతో వేరుచేయగల) హౌస్‌డార్ఫ్ అంతరాళానికి దూరం తప్పక ఉంటుంది. రెగ్యులర్ అయినా, అంటే ఒక బిందువును అది లేని సంవృత సమితి నుంచి అలా వేరుచేయగలిగినా, చాలునని టిఖొనోవ్ చూపాడు. ఈ సిద్ధాంతంలో లెక్కించదగిన ఆధారానికి బదులు సెపరబుల్ గుణాన్ని పెడితే అది కూలిపోతుంది. సోర్గెన్‌ఫ్రే రేఖ నార్మల్, సెపరబుల్ కూడా, అయినా దానికి దూరం లేదు. దూరం లోపలే ఉండిపోయేవారికి ఆ దూరం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

కాబట్టి తరగతిలో సిద్ధాంతం చెప్పిన రోజే దాని పరికల్పన ఎక్కడ తప్పితే ఏది పోతుందో కూడా చెప్పాలి. ప్రత్యుదాహరణను అభ్యాసాల చివరకు నెట్టడం విద్యార్థికి అన్యాయం చేయడమే. పరికల్పన విలువ తెలిసినవాడే రేపు కొత్త అంతరాళం ఎదురైనప్పుడు ఏది అడగాలో తెలిసి అడుగుతాడు.