పడిన మనిషిని నిలువబెట్టు పనిముట్లు

(నరసరావుపేటలో ఒక పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



1929లో అఖిల భారత చరఖా సంఘమువారు మేలైన రాట్నమును నిర్మించినవారికి లక్ష రూపాయల బహుమానము ప్రకటించిరి. అందలి షరతులు నేటికిని చదువదగినవి. రాట్నము తేలికగా నుండవలెను. సామాన్య కుటీరమున చేతితోగాని కాలితోగాని ఆడింప వీలుండవలెను. స్త్రీ యొకతె ఎనిమిది గంటలు పనిచేసినను మిక్కిలి అలయరాదు. వెల 150 రూపాయలు మించరాదు. సకాలమున మరమ్మతు చేయుచుండిన 20 సంవత్సరములు నడువవలెను. యంత్రమును ముందు చేసి, పిమ్మట మనిషిని దానికి అలవాటుపడుమనుట గాదిది. మనిషిని, వాని యింటిని, వాని సంచిని చూచి యంత్రమును తలపెట్టుట. పక్షవాతరోగులకు నిలకడ నేర్పు సాధనములనుగూర్చి నేడు మేము చెప్పబోవునది ఈ కొలతతోనే.

పక్షవాతము వచ్చినవానిని వెంటనే ఆసుపత్రికి తరలింపుడని అందరును చెప్పుచున్నారు, చెప్పవలసినదే. నెత్తురుగడ్డను కరిగించు మందు నాలుగున్నర గంటలలోపల పడవలెను. గాని ప్రాణము దక్కి యింటికి వచ్చినవాని మాట యెవరు పలుకుచున్నారు? మంచముపై కూర్చుండబోయి ప్రక్కకు ఒరిగిపోవు ఆ మనిషికి, అది మొదలు గడప దాటుట యొక యుద్ధము.

నిలకడ యనునది కాలి బలము మాత్రమే కాదు. కన్ను, లోచెవి, అరికాలి స్పర్శ, ఈ మూడును మెదడునకు వార్తలు పంపుచుండును. మెదడు వానిని కలిపి, ఒడలు ఎటు ఒరుగుచున్నదో గ్రహించి, కండరములను సవరించును. పక్షవాతమున దెబ్బతినునది ఆ కలుపు చోటే. అందుచే రోగి తన బరువునంతయు మంచికాలిపైననే మోపును. కొందరికి నిట్టనిలువు ఎక్కడ నున్నదో ఆ యెరుకయే తప్పును. అట్టివారు మంచిచేతితో తమ్ము తామే చెడుప్రక్కకు నెట్టుకొందురు. ఇంటివారు ఇవతలకు లాగినకొలది వారు అవతలకు నెట్టుదురు. ఇది మొండితనమని కసరుకొను కొడుకులను మేము చూచితిమి. మొండితనము కాదు, రోగలక్షణము.

మహాశివరాత్రికి కోటప్పకొండకు వచ్చు ప్రభలను చూడనివారు ఈ సభలో నుండరు. అంత ఎత్తు ప్రభను బండిపై నిలిపి గతుకుల బాటలో తెచ్చునప్పుడు, అది ఒరిగినంతనే ఎదుటివైపు మోకు బిగింతురు. రోగికి నడుమున కట్టి పైదూలమునకు తగిలించు పట్టీ ధర్మమును ఇదియే. పడబోవునప్పుడు పట్టవలెను, తక్కిన వేళ వదులుగా నుండవలెను. ఎల్లవేళల బరువు మోయు ఊత రోగికి నిలకడ నేర్పదు. ఊగుబల్ల సంగతియు నిట్టిదే. దాని క్రింది వంపు ఎంతయో బల్ల ఒరుగుట అంత. మొదట స్వల్పముగా ఒరగవలెను. రోగి నేర్చినకొలది వంపు పెంచవలెను. ఏ కొంచెమును ఒరగని బల్లపై నేర్చుకొనునదేమున్నది?

అన్నిటికంటె చౌక యుపాయము రెండు తూనిక యంత్రములు. పాదమునకొకటి చొప్పున ప్రక్కప్రక్కన పెట్టి రోగిని వానిపై నిలిపినచో, ఏ కాలిపై ఎంత బరువున్నదో ముల్లు చెప్పును. చెడుకాలిపైకి మరి రెండు కిలోలు మోపుమన్నచో రోగికి గురి కుదురును. 2007లో జపానులో ఆటకై అమ్మకమునకు వచ్చిన నింటెండో వారి వీ బల్లలో, నాలుగు మూలల నాలుగు తూనికకీలకములు గలవు. 2010లో మెల్బోర్ను పరిశోధకులు దానిని ప్రయోగశాలయందలి విలువైన తూనికఫలకముతో సరిపోల్చి, కొలత సరిగానే యున్నదని తేల్చిరి. ఆటబొమ్మ వైద్యశాలకు పనికివచ్చెను!

మరి, ఖరీదైన యంత్రము రానిదే బాగుపడరాదా? 2011లో అమెరికాలో 408 మంది రోగులపై జరిపిన పరీక్షను చూడుడు. కొందరిని పట్టీతో వ్రేలాడదీసి ట్రెడ్‌మిల్లుపై నడిపించిరి. కొందరికి ఫిజియోథెరపిస్టు ఇంటికి పోయి బలమునకు, నిలకడకు వ్యాయామములు చేయించెను. సంవత్సరాంతమున యంత్రము వారికి అధికఫలమేమియు కానరాలేదు. అట్లని అంతయు ఇంటివారిపై వేసి చేతులు దులుపుకొందమా? మన దేశమున 14 ఆసుపత్రులలో 1250 మందిపై జరిగి 2017లో వెలువడిన పరీక్షలో, కుటుంబీకులకు శిక్షణ నిచ్చి వారిచేతనే అభ్యాసము చేయించిరి. ఆరు నెలలకు, మామూలు చికిత్స పొందినవారికంటె వీరు మెరుగుపడలేదు. ఈ రెంటిని కలిపి చదివినచో మాకు తోచున దిది: నేర్పరి కన్ను తప్పనిసరి, ఆ కన్ను చూచి చెప్పినదానికి తగిన పనిముట్టు ఇంటిలో నుండవలెను, అది బంగారుది కానక్కరలేదు.

ఇంటికి తగినదనగా నేమి? మాచర్ల నాపరాయి పరచిన నేలపై నీళ్లు పడినచో ఆరోగ్యవంతుడే జారును. చేతికర్ర క్రింది రబ్బరును ఆసుపత్రి పొడినేలమీద పరీక్షించిన చాలదు, తడినాపరాతిమీద పరీక్షింపవలెను. మన రోగి గడప దాటవలెను, పెరటికి పోవలెను, క్రింద కూర్చుండి లేవవలెను. 1968లో జయపురమున శిల్పి రామచంద్రశర్మయు డాక్టరు సేఠీయు కృత్రిమపాదమును రూపొందించినది ఇట్టి కారణముననే. దిగుమతి పాదమునకు జోడు కావలెను, దానితో గొంతుకూర్చుండుట దుర్లభము. మన దుర్గిలో రాతిని మలచు చేతులును, ఊరూర చెక్కను చిత్రిక పట్టు వడ్రంగులును ఉండగా, జంటకమ్ములకు మనము పరాయి ఊరివైపు చూచుట వింతగా నున్నది.

చక్రాలకుర్చీ నొసగి ఛాయాచిత్రము తీయించుకొను దాతలపై మాకు కోపము లేదు. నడువగలవానిని సయితము ఆ కుర్చీలోనే కూర్చుండబెట్టుటయే మా బాధ.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 27వ సెక్షను పునరావాస సేవలు జరుపుట ప్రభుత్వముల యొక్కయు స్థానికసంస్థల యొక్కయు విధి యన్నది, ఆర్థికశక్తి మేరకని చేర్చినది. ఆ చిన్నమాట చాటున ఎన్ని దస్త్రములు నిద్రించునో న్యాయవాదులమైన మాకు తెలియును. 2022లో పలనాడు ప్రత్యేక జిల్లాయై నరసరావుపేట ముఖ్యపట్టణమైనది గనుక అర్జీకి దూరము తగ్గినది. అర్జీలు వ్రాయుటకు మేము సిద్ధము.

ఈలోపల ఒక విన్నపము. ఒక వడ్రంగిని, ఒక కమ్మరిని, ఒక ఫిజియోథెరపిస్టును, పక్షవాతము వచ్చి లేచి నడచుచున్నవారిని ఇద్దరిని ఒకచోట కూర్చుండబెట్టుడు. సాక్షిని విచారింపక తీర్పు చెప్పరాదు; ఈ వ్యాజ్యమున మొదటి సాక్షి రోగియే. బల్ల వంపు, కమ్ముల ఎత్తు ఆతని తుంటికి, ఆతని యింటికి సరిపోయినవో లేవో ఆతడు చెప్పవలెను. ఎవరును ప్రక్క లేకుండ రోగి ఊగుబల్ల నెక్కరాదని దానిమీదనే పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. అట్టి బల్ల యొకటి, తూనిక యంత్రముల జత యొకటి ఈ మందిరమున నుంచి, పుస్తకములవలెనే చీటీ వ్రాసి, ఫిజియోథెరపిస్టు సంతకము చూచి ఎరువిచ్చుటకు కార్యవర్గమువారు సమ్మతింతురా? మొదటి బల్లకు కావలసిన కలప మేము తెత్తుము.