మోటార్ ఎండ్ కవర్ అరిగితే పంచ్ కొట్టకండి

కొత్త బేరింగ్ వేశాక కూడా నీళ్ళ మోటార్ గోల చేస్తోందా? బేరింగ్‌ని తిట్టకండి, అది కూర్చునే ఎండ్ కవర్ చూడండి.

6204 బేరింగ్ బయటి కొలత 47 మిల్లీమీటర్లు. కవర్‌లో ఆ గుంత అరిగి 47.2 అయిందనుకోండి, బేరింగ్ బయటి రింగ్ కూడా తిరగడం మొదలెడుతుంది. చాలామంది పంచ్‌తో చుట్టూ గాట్లు కొట్టి బిగించేస్తారు. పంటకి నీళ్ళు ఆగకూడదు, నిజమే. కానీ ఆ గాట్లు కొన్నాళ్ళకే అణిగిపోతాయి.

ఇంట్లో లేత్ మిషన్ ఉంటే బుష్ వేయొచ్చు. గుంతని 53కి బోరింగ్ చేసి, 0.03 టైట్‌తో బుష్ నొక్కండి. బుష్ లోపలి కొలత ముందే 47 చేసేయొద్దు, 46.5 దగ్గర ఆపండి. నొక్కినప్పుడు అది కాస్త కుంచించుకుంటుంది కదా! నొక్కాకే ఫైనల్ కటింగ్.

అసలు కిటుకు సెంటరింగ్‌లో ఉంది. కవర్ మోటార్ బాడీలోకి దిగే మెట్టు ఉంటుంది చూడండి, డయల్ గేజ్ దాని మీదే పెట్టాలి. బయటి పోత అంచు మీద కాదు. చిన్న మోటార్లలో రోటార్‌కీ స్టేటర్‌కీ మధ్య సందు సాధారణంగా అర మిల్లీమీటరు లోపే. సెంటర్ తప్పితే రోటార్ రాసుకుంటుంది, వైండింగ్ కాలిపోవచ్చు. అప్పుడు పోయేది బేరింగ్ డబ్బులు కాదు, మోటార్ డబ్బులు.

అన్నట్టు, గ్లవ్స్ వేసుకుని లేత్ దగ్గరికి రావద్దు, లాగేస్తుంది. చక్ కీ తీశాకే స్విచ్. షాఫ్ట్ అరిగితే ఏం చేయాలో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.