వెలుగు పెరిగింది, బిల్లు తగ్గింది

మునిసిపాలిటీలో పనిచేసేవాణ్ణి కాబట్టి పన్ను మాటతోనే మొదలుపెడతాను. ఏప్రిల్ 30 లోపు ఏడాది ఆస్తిపన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం రాయితీ ఉంది. దీనివల్ల మాకు నష్టమేమీ లేదు. డబ్బు ముందే చేతికొస్తే వానలు పడేలోపు కాలవల్లో పూడిక తీయించగలం.

అయితే రాబడి పెంచుకోవడం ఒక్కటే దారి కాదు, ఖర్చు తగ్గించుకోవడమూ దారే. విశాఖపట్నం సంగతే చూడండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వీధి దీపాలను చిందరవందర చేసింది. ఆ తర్వాత సుమారు 90 వేల ఎల్‌ఈడీ దీపాలు పెట్టారు. పెట్టుబడిలో ఎక్కువ భాగం ఇంధన పొదుపు పనులు చేపట్టే ఈఈఎస్‌ఎల్ సంస్థది. ఆదా అయిన కరెంటు డబ్బులోంచే కార్పొరేషన్ ఆ బాకీ తీర్చాలన్నది ఒప్పందం. ఈ పద్ధతి నాకెంతో నచ్చింది.

మీ వీధిలో పట్టపగలు దీపం వెలుగుతుంటే, స్తంభం ఎక్కడుందో వార్డు సచివాలయంలో చెప్పండి. ఆ బిల్లు కట్టేది మీ పన్నుతోనే.