చారిక: ఒంటరి సైకిల్ యాత్రలో మొదటి నాలుగు రోజులు

(వర్షావాస సమాప్తి సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

గత కార్తీక మాసంలో నేను రాజగృహం నుంచి కుశీనగరం మీదుగా లుంబినికి ఒంటరిగా సైకిల్ మీద వెళ్ళాను. రాత్రిళ్ళు అనుమతి దొరికినచోట గుడారం వేసుకుని పడుకున్నాను. ఆ యాత్ర మొత్తాన్ని వివరించడానికి ఈ సమయం చాలదు. అందువల్ల రాజగృహం నుంచి వైశాలి వరకు సాగిన మొదటి నాలుగు రోజులకే పరిమితమవుతాను. దీక్ష తీసుకున్న ప్రతి కుటుంబానికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఆ నాలుగు రోజుల్లోనే నా ముందుకు వచ్చింది.

ముందుగా ఆ దారి గురించి రెండు మాటలు. దీఘనికాయంలోని మహాపరినిబ్బాన సుత్తం బుద్ధ భగవానుని చివరి ప్రయాణాన్ని వర్ణిస్తుంది. ఎనభై ఏళ్ళ వయసులో ఆయన రాజగృహంలోని గృధ్రకూట పర్వతం నుంచి బయలుదేరి, అంబలట్ఠిక, నాలంద, పాటలిగామం మీదుగా గంగ దాటి, కోటిగామం, నాదిక, వైశాలి చేరారు. అక్కడి నుంచి పావా మీదుగా కుశీనగరం వెళ్ళారు. తన శరీరాన్ని అప్పుడు ఆయన పట్టీలు బిగించి ఎలాగో నడిపిస్తున్న పాత బండితో పోల్చుకున్నారు. మూడు నెలల వర్షావాసం ముగిశాక భిక్షువులు మళ్ళీ దారి పట్టడాన్ని పాళీ భాషలో ‘చారిక’ అంటారు. తొలి వర్షావాసం తర్వాత ఇసిపతనం నుంచి అరవై మంది అర్హతులను లోకహితం కోసం పంపిస్తూ, ఏ ఇద్దరూ ఒకే దారిన పోవద్దని భగవానుడు ఆదేశించినట్లు వినయ పిటకం చెబుతుంది. ఒంటరి ప్రయాణం మన సంప్రదాయానికి కొత్తది కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

విజయవాడ నుంచి సైకిలును రైలు లగేజీ పెట్టెలో వేయించి బయలుదేరాను. ఆ రైలు పేరు సంఘమిత్ర. నాగపూర్ మీదుగా పట్నా పక్కనున్న దానాపూర్ వెళుతుంది. అశోకుని కుమార్తె పేరు పెట్టుకున్న రైలు దీక్షాభూమి ఉన్న నగరం గుండా పాటలీపుత్రానికి పోవడం మంచి శకునమని ఒక మిత్రుడు అన్నాడు. శకునాలను నమ్మని మనం దాన్ని మంచి ఏర్పాటు అనుకుందాం.

సామాను సర్దేటప్పుడు భిక్షువు అష్టపరిష్కారాలు గుర్తుకు వచ్చాయి. మూడు చీవరాలు, పాత్ర, నడికట్టు, మంగలికత్తి, సూది, నీటి వడపోత గుడ్డ. నా దగ్గర గుడారం, దుప్పటి, రెండు జతల బట్టలు, ఒక గిన్నె, నీళ్ళ సీసాలు, చేతిపంపు, అదనపు ట్యూబు, పంక్చరు అతుకులు, రెండు స్పానర్లు, ఒక లైటు ఉన్నాయి. ఆ ఎనిమిది వస్తువులను శ్రద్ధగా చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. చినిగిన గుడ్డ కుట్టుకోవడానికి సూది ఉంది, నీటిని శుభ్రం చేసుకోవడానికి వడపోత ఉంది, కాని ఆహారం నిలవ చేసుకునే సంచి లేదు. అంటే భిక్షువు తన మరమ్మతు తానే చేసుకోవాలి, అన్నం మాత్రం ఇంకొకరిని అడగాలి. ప్రయాణికుడికి, సమాజానికి మధ్య బంధం ఆ అడగడంలోనే ఉంది. భిక్షాటనలో ఇంటిని ఎంచుకోకుండా వరుసగా ప్రతి గడప ముందూ నిలబడాలన్న నియమం అందుకే ఏర్పడింది. ఇచ్చేవారి కులం చూసి గడప దాటిపోయే స్వేచ్ఛ పాత్ర పట్టినవానికి లేదు.

మొదటి రోజు ఉదయం గృధ్రకూటం ఎక్కి దిగాను. రాజగృహంలోనే సునీతుడనే వాడు వాడిన పూలు ఊడ్చి ఎత్తిపోసి బతికేవాడనీ, నగరంలోకి వస్తున్న బుద్ధుణ్ణి చూసి తట్ట దించి వందనం చేశాడనీ, ఆయన అక్కడికక్కడే అతణ్ణి సంఘంలోకి తీసుకున్నారనీ థేరగాథ చెబుతుంది. ఆ కొండల మధ్య తిరుగుతున్నంతసేపూ నా మనసులో బింబిసారుని కంటె సునీతుడే ఎక్కువగా మెదిలాడు. మధ్యాహ్నం కాజాలకు పేరుపొందిన సిలావ్ మీదుగా నాలంద చేరాను. దూరం పన్నెండు, పదమూడు కిలోమీటర్లే. మొదటి రోజు తక్కువ దూరం పెట్టుకోవడం మంచిది. సామానుతో సైకిలు ఎటు తూగుతుందో కాళ్ళకూ చేతులకూ అలవాటు కావాలి. శిథిలాలను దర్శించి, యాత్రికుల బస ఒకదాని ఆవరణలో గుడారం వేసుకున్నాను.

రెండవ రోజు బిహార్ షరీఫ్ దాటి, హర్నౌత్ వైపు పెద్ద రోడ్డు మీద సాగాను. సాయంకాలం రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న ఒక పల్లెలో ఆగి, బడి ఆవరణలో రాత్రికి గుడారం వేసుకోవచ్చునా అని ఒక పెద్దమనిషిని అడిగాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి నీళ్ళు తెప్పించారు. ఎక్కడి నుంచి వచ్చానో అడిగి ఆశ్చర్యపోయారు. పేరు అడిగారు, చెప్పాను. పూర్తి పేరు అడిగారు, అదే పూర్తి పేరన్నాను. ఆ తర్వాత నేరుగా, “ఏ జాతివారు బాబూ?” అన్నారు. బౌద్ధుణ్ణన్నాను. “అది మతం కదా, జాతి ఏది?” అన్నారు.

మిత్రులారా, ఈ ప్రశ్నకు మనవాళ్ళు రెండు సమాధానాలు చెబుతారు. బౌద్ధునికి కులం లేదు కనుక బౌద్ధుణ్ణన్న మాట దగ్గరే ఆగాలన్నది ఒకటి. అడిగేవాని అధికారాన్నే నిరాకరించాలి, అసలు బదులే చెప్పకూడదన్నది రెండవది. మన యువకులు దీన్నే ఎక్కువగా సమర్థిస్తారు. ఈ రెంటిలోనూ న్యాయం ఉంది. నేను మాత్రం ఆ సాయంకాలం నేను పుట్టిన కులం పేరు ఆయనకు అర్థమయ్యే మాటలో చెప్పి, దాన్ని నేను విడిచిపెట్టానని కూడా చెప్పాను. ఎందుకంటే చీకటి పడే వేళ, పడుకోవడానికి చోటు కావలసినప్పుడు, ‘బౌద్ధుణ్ణి’ అన్న మాటను నేను కప్పుకునే దుప్పటిగా వాడుకుంటానేమోనని అనుమానం కలిగింది. 1956 అక్టోబరు 14న బాబాసాహెబ్ నాగపూర్‌లో లక్షల మంది ఎదుట, కుశీనగరం నుంచి వచ్చిన వృద్ధ భిక్షువు చంద్రమణి గారి దగ్గర దీక్ష తీసుకున్నారు. ఎక్కడి నుంచి బయటికి వస్తున్నారో దాచకుండా, లోకమంతా చూస్తుండగా వచ్చారు. ఆ మాటకు అంత వెల ఉంది. దాన్ని ఒక రాత్రి బసకోసం తక్కువకు అమ్మడం నాకు ఇష్టం లేకపోయింది.

పెద్దమనిషి కోప్పడలేదు. కాసేపు మౌనంగా ఉండి, బడి తాళంచెవి ఊళ్ళో లేదనీ, ముందు పెట్రోలు బంకు ఉందనీ, అక్కడైతే నాకు వెలుతురు కూడా ఉంటుందనీ అన్నారు. నమస్కారం చేసి బయలుదేరాను. బంకు పనివాళ్ళు గాలి కొట్టే యంత్రం వెనుక చోటు చూపించారు. ఎక్కడికి పోతున్నానో అడిగారు గాని ఎవరినో అడగలేదు.

మజ్ఝిమనికాయంలో భయభేరవ సుత్తం ఉంది. బోధికి ముందు అడవిలో ఒంటరిగా ఉన్న రాత్రుల గురించి భగవానుడు అందులో చెబుతారు. నడుస్తుండగా భయం వస్తే, ఆ భయం పోయేదాకా ఆయన నిలబడలేదు, కూర్చోలేదు, పడుకోలేదు. నడుస్తూనే దాన్ని తొలగించుకున్నారు. పడుకున్నప్పుడు వస్తే పడుకునే తొలగించుకున్నారు. గుడారంలో ఒంటరిగా పడుకునేవారికి దీనికంటె పనికివచ్చే సుత్తం లేదు. లారీల వెలుగు గుడ్డ మీద పడి పోతుంటుంది, కుక్కలు దగ్గరికి వచ్చి వాసన చూస్తాయి. అయితే ఆ రాత్రి నాలో భయం కంటె కోపం ఎక్కువగా ఉంది. లేచి తిరగాలనిపించింది, ఇంటికి ఫోను చేసి చెప్పాలనిపించింది. సుత్తంలో చెప్పినట్లు పడుకునే దాన్ని చూస్తూ ఉన్నాను. తెల్లవారేసరికి అది పూర్తిగా పోయిందని చెప్పలేను గాని, సైకిలు తొక్కడానికి అడ్డు రానంత చిన్నదైంది.

మూడవ రోజు బఖ్తియార్‌పూర్ దాటి గంగ దక్షిణపు ఒడ్డు వెంట పట్నా వైపు వెళ్ళాను. దారిలో నీళ్ళకోసం ఒక బోరింగు దగ్గర ఆగాను. ఒంటరివాడు బోరింగు దగ్గర నీళ్ళు తాగడం తేలిక కాదు. పిడి కొట్టే చెయ్యి దోసిలి పట్టలేదు. కొట్టి ముందుకు వచ్చేసరికి ధార ఆగిపోతుంది. అక్కడ గిన్నెలు తోముకుంటున్న ఒక వృద్ధురాలు లేచి వచ్చి, “పట్టు నాయనా” అని పిడి కొట్టింది. నేను తాగి, ముఖం కడుక్కుని, సీసాలు నింపుకునేదాకా కొడుతూనే ఉంది. తిన్నావా అని మాత్రం అడిగింది. ఆమె కులమేమిటో నాకు తెలియదు, నాదేమిటో ఆమెకు తెలియదు.

ఆనందుడు మాతంగ కన్య ప్రకృతిని నీళ్ళు అడిగిన కథ దివ్యావదానంలో ఉంది. తాను మాతంగినని ఆమె చెప్పినప్పుడు, తాను కులం అడగలేదనీ, నీళ్ళే అడిగాననీ ఆయన బదులిస్తాడు. రవీంద్రనాథ్ ఠాగూర్ ‘చండాలిక’ నాటకానికి మూలం ఈ కథే. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ వేలమందితో కలిసి చవదార్ చెరువు నీళ్ళు తాగారు. ఈ రెండు సంఘటనలూ మనం పిల్లలకు చెబుతూనే ఉంటాం. బోరింగు దగ్గర నాకు తట్టింది ఏమిటంటే, అడగడానికి ఆనందునికి ఎంత ధర్మం కావాలో, ఏమీ అడగకుండా ఇవ్వడానికీ అంతే ధర్మం కావాలి. ముందు రోజు పెద్దమనిషి కూడా నాకు నీళ్ళు ఇచ్చారు. కాని ఆయన మంచితనం ఒక జవాబు కోసం ఆగింది.

నాలుగవ రోజు ఉదయం గంగ దాటాను. పాటలిగామంలో బుద్ధుడు బయటికి వెళ్ళిన ద్వారానికి గౌతమ ద్వారమనీ, నది దాటిన రేవుకు గౌతమ తీర్థమనీ మగధ మంత్రులు పేరు పెట్టారని సుత్తం చెబుతుంది. ఇప్పుడు అక్కడ 1982లో ప్రారంభమైన మహాత్మాగాంధీ సేతువు ఉంది. అయిదున్నర కిలోమీటర్ల పొడవు, ఎదురుగాలి, పక్కనే లారీలు. హాజీపూర్ మీదుగా సాయంత్రానికి వైశాలి చేరాను. కొల్హువాలో స్తంభం మీద ఒంటరి సింహం ఉత్తరానికి చూస్తూ కూర్చుని ఉంటుంది. గణిక అంబపాలి పెట్టిన భోజన ఆహ్వానాన్ని భగవానుడు అంగీకరించింది ఈ వైశాలిలోనే. లిచ్ఛవి రాకుమారులు వచ్చి తమ ఇంటికి రమ్మని కోరినా, ముందు మాట ఇచ్చిన చోటికే వెళ్ళారు. మహాప్రజాపతి గౌతమి ప్రవ్రజ్య పొందిందీ ఇక్కడే. ఆమె కపిలవస్తు నుంచి కాలినడకన వచ్చింది. కాళ్ళు వాచి, దుమ్ము కొట్టుకుని వాకిట నిలబడిందని వినయ పిటకం వర్ణిస్తుంది. మా ఉపాసికలు ఇటువంటి యాత్ర చేయగలరా అని అడిగేవారికి ఆమె పేరు చెబుతాను. చేయగలరు, దారిలో నమ్మదగిన చోటు ఉండాలి.

ఆ చోటు గురించే నా విన్నపం. అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల, జగ్గయ్యపేట, నాగార్జునకొండ, నేలకొండపల్లి, ఫణిగిరి, తొట్లకొండ, శాలిహుండం. ఇన్ని క్షేత్రాలున్న తెలుగునేల మీద మన కుర్రవాళ్ళు, ఆడపిల్లలు సైకిళ్ళ మీద తిరగాలి. వాటి దగ్గరలో మన సంఘాలకు విహారాలో, అంబేడ్కర్ భవనాలో ఉన్నచోట మూడు ఏర్పాట్లు చేద్దాం. రాత్రి తాళం వేయని ఒక స్నానాలగది, ఒక గుడారానికి సరిపడే నేల, తాగే నీళ్ళు. ఖర్చు స్వల్పం. వచ్చినవారు ఎవరైనా సరే, పుస్తకంలో పేరు, ఊరు, ఇంటి ఫోను నంబరు రాయించుకుందాం. అది వారి క్షేమం కోసం. ఆ పుస్తకంలో నాలుగో గడి గీయవద్దు. వచ్చే వర్షావాసం ముగిసేలోగా కనీసం అయిదు ఊళ్ళలో ఈ ఏర్పాటు మొదలు కావాలని సభను కోరుతున్నాను. మొదటి చోటుకు కావలసిన రేకులు, బకెట్లు నా వంతు.

నమో బుద్ధాయ. జై భీమ్.