గిల్గిట్ నుంచి గోండా దాకా: పసిబిడ్డల థైరాయిడ్ చరిత్ర

శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామిగారి పేరిట మాట్లాడమన్నారు. హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఆయన అయొడిన్ ఉప్పుతో గళగండాలను తగ్గించినది మీరెరిగినదే. కొండమట్టిలోని అయొడిన్ వానకు కొట్టుకుపోతుందనీ, ఆ కొరతతోనే మెడలోని థైరాయిడ్ ఉబ్బి గళగండం అవుతుందనీ చెప్పనక్కర్లేదు. నేను కశ్మీరు ఉత్తరాన ఉన్న నా గిల్గిట్‌కే పోతాను.

అక్కడ ఒకే కాలువ ఊరి తరవాత ఊరు దాటుతుంది. కిందికి పోయేకొద్దీ గళగండాలు ఎక్కువ. సైనిక వైద్యుడు రాబర్ట్ మెకారిసన్ ఇదంతా నీళ్లలోని మురికి పనే అనుకున్నాడు. ఆ నీటిని వడగట్టగా మిగిలిన మడ్డి తాను తాగాడు, మరికొందరి చేత తాగించాడు. కొందరికి మెడ వాచింది, ఆయనకూ వాచింది. 1908లో చిత్రాల్, గిల్గిట్ క్రెటిన్ల గురించి, అంటే పుట్టుకతోనే ఈ లోపంతో ఎదుగుదల దెబ్బతిన్నవారి గురించి, రాస్తూ రెండు రకాలను విడదీశాడు: చెవుడు, మూగతనం, మెల్లకన్ను, బిగుసుకున్న కాళ్లు ఒక రకం, పొట్టి ఒళ్లు, ఉబ్బిన మొహం, ఎండిన చర్మం మరో రకం. గళగండం ఉందేమోనని వాళ్ల తల్లుల మెడలు కూడా చూశాడు.

అయొడిన్‌ను గుర్తించలేదు గనుక మెకారిసన్ రాసిందంతా పనికిరాదని కొందరు మిత్రులు ఇరవయ్యేళ్లుగా నాతో వాదిస్తున్నారు. కారణం తప్పాడు, ఒప్పుకుంటాను. కాని బిడ్డ జబ్బును తల్లి మెడలో వెతికిన చూపు ఎవరిది? పైగా ఆయన కూనూరులో నడిపిన ప్రయోగశాలే నేటి మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ. తిట్టేముందు ఆ సంస్థ ఉన్న తార్నాక దాకా వెళ్లి రండి!

ఇక రామలింగస్వామిగారి సంగతి. 1956లో మొదలైన కాంగ్రా పరిశోధనలో రెండు మండలాలకు అయొడిన్ ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు ఇచ్చారు. 1962కల్లా తేడా తేలిపోయింది. అయితే అక్కడ లెక్కపెట్టింది బడిపిల్లల మెడలు, అప్పుడే పుట్టిన బిడ్డల సంగతి కాదు. రామలింగస్వామిగారి బృందంలోనే పనిచేసిన కొచ్చుపిళ్లై 1980లలో ఉత్తరప్రదేశ్ తరాయిలో, గోండా, దేవరియా జిల్లాల్లో, పుట్టిన బిడ్డల బొడ్డుతాడు రక్తం పరీక్షించారు. అయొడిన్ కొరత లేనిచోట మూడు నాలుగు వేల కాన్పులకు ఒక బిడ్డకు వచ్చే థైరాయిడ్ లోపం, తీవ్రంగా దెబ్బతిన్నచోట నూటికి నాలుగు మొదలు పదిహేను దాకా కనిపించింది. థైరాయిడ్ హార్మోను లేనిదే మెదడు సరిగా ఎదగదు గనుక, మెడ వాయని బిడ్డ మెదడే ముందు దెబ్బతింటోందన్న మాట!

సమయం అయిందని అధ్యక్షులవారి చీటీ వచ్చింది. క్లుప్తంగా: 1992లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం పేరులో గాయిటర్ (గళగండం) పోయి అయొడిన్ లోపం చేరింది. అయొడిన్ లేని ఉప్పుపై నిషేధం వచ్చింది, 2000లో ఎత్తేశారు, 2006లో మళ్లీ పెట్టారు. ఆ నిషేధం చుట్టూ సాగిన పోరు మరో ఉపన్యాసానికి మిగిలింది.

యువ వైద్యులారా, థైరాయిడ్ లోపమున్న బిడ్డకు మెదడు దక్కాలంటే రెండు వారాల్లోపు థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను మందు) మొదలవ్వాలి. మీ ఆసుపత్రిలో పుట్టే ప్రతి బిడ్డ మడమ నుంచీ రక్తపు చుక్క పరీక్షకు పోతోందో లేదో రేపే కనుక్కోండి.