మస్తిష్క ద్రవపు జాడ



మెదడును, వెన్నుపామును ఆవరించి నీటివలె తేటయైన ద్రవమొకటి కలదు. పెద్దవారిలో దాని పరిమాణము సుమారు 150 మిల్లీలీటర్లు. దినమునకు 500 మిల్లీలీటర్ల వరకు కొత్తది ఊరుచుండును, పాతది రక్తములో కలియుచుండును.

తలకు దెబ్బ తగిలియో, శస్త్రచికిత్స వలననో, ఒక్కొక్కప్పుడు కారణము తెలియకయో ఈ ద్రవమును కాపాడు పొరకు చిల్లి పడును. తల వంచినంతనే ఒక ముక్కు రంధ్రమునుండి నీరు కారును. ఇంటివారు పడిశమనుకొని మిరియాల కషాయమిత్తురు. కాని ఆ దారి తెరచియున్నంతకాలము క్రిములు లోనికేగి మెదడు పొరలకు వాపు కలిగించు ప్రమాదము కలదు. చిల్లి వెన్నులోనైనచో ముక్కు కారదు; కూర్చున్నను, నిలుచున్నను తలనొప్పి హెచ్చును, పడుకొన్నచో తగ్గును.

చిల్లి జాడ తీయుటెట్లు? 1964లో అమెరికాలో జియొవానీ డి కీరో అను వైద్యుడొక మార్గము చూపెను. నడుమువద్ద సూదితో రవంత రేడియోధార్మిక పదార్థమును ద్రవములో కలిపి, దాని పయనమును వెలుపలి యంత్రముతో చిత్రించుట. దస్త్రమెక్కడ నిలిచినదో కదలిక రిజిస్టరు తెలుపునట్లు, ద్రవమెటు పోయినదో ఆ చిత్రములు తెలుపును. ఇప్పుడు వాడు ఇండియం-111 సగము తరుగుటకు 2.8 దినములు పట్టును. కావున మరునాడును గామా కెమెరాతో చూడవచ్చును. ముక్కులోనుంచిన దూదిని రక్తముతో పోల్చి, రేడియోధార్మికత దూదిలో మిక్కిలి హెచ్చుగానున్నచో అది పడిశము కాదని నిర్ణయింతురు.

నేడు కారిన బొట్టుపై బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్షయు, సీటీ, ఎమ్మారై చిత్రములును ముందు నడచును. ఆగియాగి కారు చిల్లికి మాత్రము ఈ పాత పద్ధతి ఇంకను అక్కరకు వచ్చును.

తలకు దెబ్బ తగిలినవారికి ఒక ముక్కునుండియే తేటనీరు కారినచో, కషాయము కాచుటకు ముందే వైద్యునికి చూపుట మేలు.