నీటిపై ఆవిరిస్నానము

ఫిన్లండు దేశస్థులు ఆవిరిస్నానపు గదిని 'సౌనా' యందురు. సుమారు 55 లక్షల జనము గల ఆ దేశమున అట్టి గదులు దాదాపు 30 లక్షలున్నవట. ఇంట నొకటి యున్నది చాలక, పడవలమీదను తెప్పలమీదను గూడ నిర్మించుకొని వారు సరస్సులలో విహరింతురు. వైశాఖమున మా తిరుమలగిరి బండలపై నడచినవారికి, చెమట పట్టుటకై కట్టెలు కాల్చుట వింతగనే తోచును. నెలల తరబడి మంచు గప్పిన నేలపై ఆ వేడిమి విలువ వేరు.

పడవపై గది చిన్నది. గోడలు, బల్లలు చెక్కవి. ఒక మూల ఇనుపపొయ్యి, దానిపై రాళ్లు. పడవ యూగినను రాళ్లు దొర్లకుండ చుట్టును కట్టు, పొయ్యి కదలకుండ అడుగున బిగింపు, పొగకు గొట్టము, గాలికి సందు ఉండవలెను. సందు లేనిచోట కార్బన్ మోనాక్సైడు వాయువు వాసనయైన లేకయే ప్రాణము తీయును. కాగిన రాళ్లపై గరిటెడు నీరు చల్లగా గుప్పున లేచు ఆవిరిని వారు 'లోయ్‌లు' అందురు. వేడి 80 మొదలు 100 డిగ్రీల వరకుండును. గాలి పొడిగా నుండుటచేతను, చెమట యారుచు చల్లబరచుటచేతను ఒడలు కాలదు. కొంతసేపు కూర్చుండి, తలుపు తీసి, రెండడుగులలో సరస్సులోనికి దూకుదురు. పడవ సౌనా రుచి యంతయు ఆ రెండడుగులలోనే కలదు.

మనకిది పూర్తిగా క్రొత్త గాదు. చరకసంహిత సూత్రస్థానమున 13 విధముల అగ్నిస్వేదములు చెప్పబడినవి. వానిలో జెంతాకమను దానికి జలాశయపు టొడ్డుననే, నీటికి ఏడెనిమిది మూరల దూరమున, గుండ్రని యిల్లు కట్టవలెను; గోడ పొడవున అరుగు, నడుమ ఆళ్లెత్తు మట్టికొలిమి, అందు చండ్రకట్టెలు. మూర్ఛ వచ్చునట్లున్నను రోగి అరుగు విడువరాదు. దానిని పట్టుకొనియే ద్వారము చేరవలెను. ఎంత ముందుచూపు! అయితే బయటికి రాగానే చల్లనీటిని తాకరాదని, ముహూర్తకాలము ఆగి గోరువెచ్చని నీట స్నానమాడవలెనని చరకుని మతము.

ఈ విషయమున మేము చరకుని పక్షమే. వేడినుండి చల్లనీట దూకినంతనే రక్తనాళములు ముడుచుకొని రక్తపుపోటు హఠాత్తుగా పెరుగును. గుండెజబ్బు గలవారికది అపాయము. మద్యము సేవించి దూకుట యెవ్వరికిని తగదు.

నాగార్జునకొండకు లాంచిలో పోవువారు ఇక్ష్వాకుల నాటి రాతి స్నానఘట్టమును చూచియుందురు. ముంపునకు ముందు దానిని విప్పి, ద్వీపముపై తిరిగి పేర్చిరి. మాఘమాసపు చలిలో ఆ జలాశయముపై నిట్టి పడవ నొకటి నడుపవలెనని యెవరికైన వేడుక పుట్టినచో, పొయ్యికన్న ముందు పడవ ప్రక్కన దిగి యెక్కుటకు నిచ్చెనయు, స్నానమాడక పైన కాచియుండు ఈతగాడొకడును సిద్ధముగా నుండవలెను.